ప్రభాకర్‌గారి పికప్, అత్తగారి తలనొప్పి

సలహాలు ఇచ్చే ఉద్యోగం

సర్వీస్ అడ్వైజర్‌గా చేరబోయే పిల్లలకు ముందుగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆ పేరు చూసి మోసపోకండి. మీ సలహా కోసం ఎవరూ రారు. కారు బాగుచేయించుకోవడానికి వచ్చేవాళ్లు ఏం చేయించుకోవాలో ముందే నిర్ణయించుకుని వస్తారు. బావమరిది చెప్పి ఉంటాడు, ఆఫీసులో పక్క సీటాయన చెప్పి ఉంటాడు, లేదా ఫోన్‌లో ఎవడో అరుస్తూ చెప్పి ఉంటాడు. మీరు చేయాల్సిందల్లా తలూపి రాసుకోవడమే. రేపు అది పనిచేయకపోతే అప్పుడు మాత్రం ఆ సలహా మీదవుతుంది.

నేను నాంపల్లిలో ఒక కార్ల వర్క్‌షాపులో ఈ పని చేసి పోయినేడాది రిటైరయ్యాను. మాది మెదక్. నాన్న ఆస్పత్రిలో కాంపౌండరు. నన్ను నర్సును చేయాలని ఆయన కోరిక. రోగుల ఫిర్యాదులు వినే ఓపిక నాకు లేదని చెప్పి హైదరాబాదు వచ్చి ఈ ఉద్యోగం వెతుక్కున్నాను. కార్ల ఓనర్ల కంటే రోగులే నయమని తెలిసేసరికి చాలా ఆలస్యమైంది. కనీసం రోగి తన రోగం ఇంటర్నెట్‌లో చూసుకుని, చికిత్స కూడా తానే చెప్పి, మందు మాత్రం చవగ్గా ఇమ్మని అడగడు. ఈ మధ్య వాళ్లూ అడుగుతున్నారట. అది వేరే సంగతి.

మా ఓనరు గిరిధర్ సాబ్. తాతల కాలం నుంచీ హైదరాబాదులోనే ఉన్న కుటుంబం. మంచివాడు. అంటే జీతం ఆపడు, గొంతు పెంచడు, మిగతా అన్ని విషయాల్లోనూ ఓనరే. కస్టమర్ ఎదురుగా ఉన్నంతసేపు ఆయనకు కస్టమర్ చెప్పిందంతా కరెక్టే. కస్టమర్ గేటు దాటాక ఆయన మాట్లాడే భాష ఇక్కడ రాయదగ్గది కాదు. ఇక మెకానిక్కుల్లో పెద్దవాడు యాదగిరి. ఆయనకు మాటలంటే బద్ధకం. మనం అడిగితే చెయ్యి తుడుచుకుంటూ బండి వైపు చూపిస్తాడు. చాలాసార్లు అదే సరైన జవాబు.

ప్రమోషన్ల గురించి రాయడానికి ఏమీ లేదు. నాకు వచ్చిన ఏకైక ప్రమోషన్ మడత కుర్చీ పోయి తిరిగే కుర్చీ రావడం. కాబట్టి ఒక కారు గురించి, ఆ కారు కింద ఉండే ఒక డబ్బా గురించి రాస్తాను. అన్ని కార్లకూ ఆ డబ్బా ఉంటుంది, ఉండాలి కూడా. ఆ కారుకు కొన్నాళ్లు లేదు.

కారు కింద డబ్బా

పెట్రోలు కారులో ఇంజన్‌కూ సైలెన్సర్‌కూ మధ్య, పొగగొట్టం దారిలో, ఒక స్టీలు డబ్బా బిగించి ఉంటుంది. దాన్ని క్యాటలిటిక్ కన్వర్టర్ అంటారు. ఒట్టి కన్వర్టర్ అన్నా చాలు, షెడ్డులో అందరికీ అర్థమవుతుంది. లోపల పింగాణీతో చేసిన జాలి ఉంటుంది. తేనెపట్టులో ఉన్నట్టు వందలకొద్దీ సన్నటి గొట్టాలు. ఆ గొట్టాల గోడలకు ప్లాటినం, పెలాడియం, రోడియం అనే ఖరీదైన లోహాల పూత పూస్తారు. ఇంజన్‌లోంచి వచ్చే పొగ ఆ గొట్టాల గుండా పోవాలి.

పొగలో మనిషికి పనికిరానివి ముఖ్యంగా మూడుంటాయి. ఒకటి, సగం సగం కాలిన పెట్రోలు. అది ఆ పూత తగలగానే పూర్తిగా కాలి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. రెండోది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు, కంట్లో మంట కూడా పుట్టదు. మనిషి రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట తాను కూర్చుంటుంది. అది కూడా ఇక్కడ కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది. మూడోది నైట్రోజన్ ఆక్సైడ్లు. అవి విడిపోయి మామూలు గాలిలో ఉండే నైట్రోజన్ మిగులుతుంది. ఇంత పని జరిగినా ఆ పూత మాత్రం ఖర్చు కాదు. అందరి చేతా పని చేయించి తాను చెక్కుచెదరకుండా నిలబడుతుంది. గిరిధర్ సాబ్‌ది కూడా ఇదే పద్ధతి.

దీనికి మెయింటెనెన్స్ ఏమిటని అడుగుతారు. దానికి చేసేదేమీ లేదు. కదిలే భాగం ఒక్కటీ లేదు, నూనె పోయక్కర్లేదు. ఇంజన్‌ను సరిగా చూసుకుంటే చాలు, దాన్ని చూసుకున్నట్టే. బండి ఆగి ఆగి కుదుపుతోందంటే పెట్రోలును మండించే ప్లగ్గుల్లో ఒకటి రవ్వ వేయడం లేదని అర్థం. అప్పుడు కాలని పెట్రోలు నేరుగా కన్వర్టర్‌లోకి పోయి అక్కడ కాలుతుంది, జాలి కరిగి ముద్దవుతుంది. స్టార్ట్ కాని బండిని పదిమంది చేత మళ్లీ మళ్లీ తోయించినా అంతే. ఇంజన్ ఆయిల్ తాగుతుంటే ఆ మసి పూత మీద పేరుకుంటుంది. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ దాని లోపలికి కారినా పూత పాడవుతుంది. స్పీడ్ బ్రేకర్‌కు గట్టిగా కొట్టుకుంటే పింగాణీ పగులుతుంది, అప్పుడు డబ్బాను తడితే గలగలమంటుంది. వేడెక్కిన కన్వర్టర్ ఉన్న బండిని ఎండుగడ్డి మీద ఆపకూడదని కూడా అంటారు. అబిడ్స్‌లో బండి ఆపడానికి చోటే దొరకదు కాబట్టి మన దగ్గర ఆ ప్రమాదం లేదు.

ఇంకొకటి. డ్యాష్‌బోర్డులో ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు దీపం వెలిగితే, బండిని షెడ్డుకు తీసుకురావాలి. దాని మీద స్టిక్కర్ అంటించకూడదు. నవ్వకండి. ఆ వెలుతురు కంట్లో పడుతోందని దాని మీద వెంకటేశ్వరస్వామిని అంటించిన పెద్దమనిషి నాకు తెలుసు. స్వామి పాదాల దగ్గర పసుపు కాంతి వస్తోందని ఆయన సంతోషించాడు కూడా.

పొగ మనకెందుకు?

ప్రభాకర్‌గారు గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో ఆఫీసరు. మర్యాదస్తుడు, నెమ్మదిగా మాట్లాడతాడు, పాత పుస్తకాలంటే ప్రాణం. ఆయన కారు పాత పెట్రోలు బండి. ఒకరోజు దాన్ని తీసుకొచ్చి, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టుంది అన్నాడు.

యాదగిరి చూశాడు. ఒక ప్లగ్గు పనిచేయడం లేదు. దానివల్ల కన్వర్టర్ లోపల జాలి కరిగి దారి మూసుకుపోయింది. పొగ బయటికి పోలేక ఇంజన్‌కే ఊపిరాడటం లేదు.

"బండి కుదుపుడు ఎప్పట్నుంచి ఉంది సార్?" అని అడిగాను.

"చాన్నాళ్లయింది మేడం. ఫస్ట్ల ఇబ్బంది అనిపించింది. తర్వాత అలవాటైంది."

కొత్త కన్వర్టర్ వేయాలని చెప్పి, ధర చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ధర విన్నాక అందరూ ఏదో ఒకటి తుడుచుకుంటారు.

"ఆ డబ్బా లేకుంటే బండి నడవదా మేడం?"

"నడుస్తది సార్."

"మరి దాని పనేంది?"

"పొగల విషం ఉంటది సార్. దాన్ని తీసేసి పంపుతది."

"పొగ మనకెందుకు మేడం? అది బయటికి పోయేదే కదా."

నా ఉద్యోగంలో విన్న మాటల్లో ఇంత తేటతెల్లంగా మనిషిని చూపించే మాట ఇంకొకటి లేదు. ఊళ్లో బండి ఉన్న ప్రతివాడి మనసులోనూ ఈ మాటే ఉంటుంది. ప్రభాకర్‌గారు నిజాయితీపరుడు కాబట్టి పైకి అన్నాడు.

తర్వాత ఆయన అసలు సంగతి బయటపెట్టాడు. ఫోన్‌లో వీడియో చూశాడట. డబ్బా కోసి, జాలి పీకేసి, ఖాళీ డబ్బాను మళ్లీ వెల్డింగ్ చేస్తారట. పికప్ కూడా పెరుగుతుందట. మేము అలాంటి పని చేయమని, చట్టం కూడా ఒప్పుకోదని చెప్పాను. కార్బన్ మోనాక్సైడ్ గురించి చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. బ్యాంకులో లోను ఇవ్వకూడదని ముందే నిర్ణయించుకున్నవాళ్లు అలాగే ఓపికగా వింటారు.

గిరిధర్ సాబ్ తన గదిలోంచి బయటికి వచ్చి నవ్వుతూ అన్నాడు. "సార్ చెప్పింది కరెక్టే. సోంచాయించున్రి సార్. తొందరేం లేదు."

ప్రభాకర్‌గారు వెళ్లాక సాబ్ ఏమన్నాడో రాయను, ముందే చెప్పాను కదా.

పది, పదిహేను రోజులకు ప్రభాకర్‌గారు మళ్లీ వచ్చాడు. పని కోసం కాదు, చూపించడానికి. ప్లగ్గు మార్పించి, చాదర్‌ఘాట్‌లో ఎవరో వెల్డర్ దగ్గర డబ్బా పని పూర్తి చేయించాడు. మా షెడ్డు ముందు ఇంజన్ రైజ్ చేసి, "సూడున్రి మేడం పికప్!" అన్నాడు. పక్క దుకాణంలో టీ తాగుతున్నవాళ్లు లేచి చూశారు.

పికప్ పెరగకేం? ముక్కు దిబ్బడ పట్టినవాడికి ముక్కే కోసేస్తే గాలి ధారాళంగానే ఆడుతుంది. కొత్త కన్వర్టర్ వేసినా అదే పికప్ వచ్చేది.

"ఆ పసుపు లైటు సుత ఆరిపోయింది మేడం," అన్నాడు గర్వంగా.

అది ఎలా ఆరుతుందో నాకు తెలుసు. కన్వర్టర్ వెనక ఒక సెన్సర్ ఉంటుంది. డబ్బా పనిచేస్తోందో లేదో కనిపెట్టి, చేయకపోతే దీపం వెలిగించడం దాని పని. వెల్డర్ దానికి చిన్న గొట్టం ముక్క తొడిగి పొగకు కాస్త దూరంగా జరిపాడు. దానికిక పొగ సరిగా తగలదు, అంతా బాగానే ఉందనుకుంటుంది.

"పొల్యూషన్ చెకింగ్ ఎట్ల సార్?"

"అది సుత పాసైంది."

"గొట్టంల పైపు పెట్టి చూసిన్రా?"

"లేదు మేడం. నంబర్ ప్లేట్ ఫోటో తీసుకున్నరు."

నంబర్ ప్లేట్ నుంచి పొగ రాదు కాబట్టి పాసవడం న్యాయమే.

బండి లేకుండా వచ్చిన కస్టమర్

ఎండాకాలం మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం మా గేటు ముందు ఆటో ఆగింది. డెబ్బయ్యేళ్ల పెద్దావిడ దిగి, కొంగు సర్దుకుని, నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

"బండెక్కడమ్మా?" అన్నాను అలవాటుగా.

"బండి తేలే బిడ్డా. తలకాయ తెచ్చిన."

ఆవిడ పేరు సత్తెమ్మ. ప్రభాకర్‌గారి అత్తగారు. భర్త పోయాక నాంపల్లిలో జాకెట్లు కుట్టే దుకాణం పెట్టి కూతుర్ని చదివించిందట. కంటిచూపు తగ్గాక దుకాణం మూసి కూతురు సుజాత దగ్గరే ఉంటోంది. ఇవన్నీ మంచినీళ్ల గ్లాసు చేతికి ఇచ్చేలోపు చెప్పేసింది. అల్లుడికి తెలియకుండా వచ్చానని కూడా చెప్పింది.

"మా అల్లుడు ఐతారం ఐతారం అబిడ్స్‌ల పాత పుస్తకాలకు పోతడు. పోయిండంటే ఇగ సోయి ఉండదు. అందుకని నా బిడ్డ నన్ను ఎంట పంపుతది, నేను బండ్ల కూసుంటే జల్ది వస్తడని. అల్లుడేమో నేను బండ్ల ఉంటే పోలీసోళ్లు బండి ఎత్తుకపోరని తీస్కపోతడు. ఇద్దరికీ నేనే కాపలా."

"అయితే ఏమైందమ్మా?"

"అద్దాలెక్కిచ్చి, ఏసీ పెట్టి పోతడు. మంచిగనే ఉంటుండె. రోడ్డు మీద వచ్చేటోళ్లను పోయేటోళ్లను సూసుకుంట కూసుంటుంటి. గిప్పుడేమో కూసున్న జరసేపటికే తలకాయ దిమ్మెక్కుతుంది. వాంతికొచ్చినట్టైతది. ఇంటికి పోయి పండుకుంటే తక్వైతది."

"దవాఖానలో చూపించుకున్నారా?"

"సూపిచ్చుకున్న. గ్యాస్ అన్నడు."

ఆ డాక్టరు తనకు తెలియకుండానే రోగాన్ని సరిగ్గా పట్టుకున్నాడు. మాత్రలు మాత్రం కడుపుకు రాశాడు.

"అల్లుడేమంటడంటే, పుస్తకాలు కొనుడు నాకిష్టం లేక నాటకమాడుతున్ననట. నా బిడ్డేమో వయసైంది అమ్మా అంటది. కండ్లద్దాలు మార్పిచ్చిన. తలకు పెట్టే నూనె మార్చిన. ఇగ తలకాయ మార్చుడొక్కటే మిగిలింది."

"మరి మా దగ్గరికి ఎందుకొచ్చారమ్మా?"

ఆవిడ నన్ను అమాయకురాలిని చూసినట్టు చూసింది. "అందరు తలకాయనే సూసిన్రు బిడ్డా. బండిని ఎవ్వలు సూడలే."

తలనొప్పి ఎప్పటినుంచి అని అడిగాను. "అల్లునికి ఆ పికప్ వచ్చిన కాన్నుంచి," అంది.

అప్పటిదాకా నవ్వుతూ వింటున్న నేను పెన్ను కింద పెట్టాను. ఖాళీ డబ్బా. చాదర్‌ఘాట్ వెల్డింగు. మూసిన అద్దాలు. ఆ పొగ ఎక్కడి నుంచి లోపలికి వస్తోందో చెప్పలేను, కానీ వస్తోందని మాత్రం నాకు అనుమానం లేకుండా పోయింది.

ఇంజన్ నడుస్తుండగా ఆ బండిలో కూర్చోవద్దని చెప్పాను. అది కుదరదంది. కూర్చోనంటే నాటకమని అల్లుడంటాడు, పంపకపోతే మొగుడు రాడని కూతురంటుంది. అయితే రెండు వైపులా అద్దాలు నాలుగు వేళ్ల మందం దించి ఉంచండి, తల తిరిగితే వెంటనే దిగి బయట నిలబడండి అన్నాను. నా నంబరు ఆవిడ ఫోన్‌లో నేనే ఎక్కించి ఆటో ఎక్కించాను.

ఆ సాయంత్రమే ప్రభాకర్‌గారికి ఫోన్ చేశాను.

"మా అత్తమ్మ మీ కాడికి సుత వచ్చిందా?" అని పెద్దగా నవ్వాడు. "ఏమనుకోకండి మేడం, జర భయస్తురాలు."

"ఒక్కసారి బండి తెండి సార్. ర్యాంప్ మీద పైకెత్తి కింద చూస్తం. ఊకెనే చూస్తం."

"వచ్చే సర్వీసుకు తెస్త మేడం."

గిరిధర్ సాబ్‌కూ చెప్పాను. ఆయన టీ కప్పు కింద పెట్టలేదు.

"ఆ వెల్డింగ్ మనం చేసినమా ఎస్తేర్?"

"లేదు సార్."

"మరి నీకెందుకు ఫికర్? వేరేటోళ్లు ముట్టిన బండిని మనం ముడితే, రేపు ఏమైనా మన మీదికొస్తది."

ఇది మా వ్యాపారంలో అందరూ పాటించే నీతి. ఎవడు చెడగొట్టాడన్నది తేలేదాకా ఎవడూ బాగుచేయడు. ఈ నీతిలో తెలివి ఉంది, కాదనను. మనిషి ఎక్కడున్నాడో మాత్రం అందులో కనిపించదు.

తర్వాతి వారం సత్తెమ్మగారు ఫోన్ చేసింది. "అద్దాలు దించిన బిడ్డా. తలకాయ నొస్తలేదు!" ఆవిడ గొంతులో పండగ. నేను మళ్లీ ప్రభాకర్‌గారికి ఫోన్ చేసి, అద్దాలు దించితే తగ్గిందంటే లోపలికి పొగ వస్తున్నట్టే కదా అన్నాను.

"జర చల్లగాలి తగిలితే తగ్గింది మేడం," అన్నాడాయన. "అంటే రోగమేం లేదన్నట్టే కదా."

ఒకే సాక్ష్యంతో ఇద్దరం కేసు గెలిచాం.

వాన పడ్డ ఆదివారం

మొదటి వానలు మొదలయ్యాయి. ఒక ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చి, తడిసిన గొడుగు ఆరేస్తుంటే ఫోన్ మోగింది. సత్తెమ్మగారి నంబరు. మాట్లాడింది కూతురు సుజాత. ఏడుస్తోంది.

"మేడం, మీరు నాంపల్లి షెడ్డు మేడమేనా? మా అమ్మ కార్ల పడిపోయింది. దవాఖానకు తెచ్చినం. మధ్యల జర కండ్లు తెరిచి, నాంపల్లి మేడంకు చెప్పు అన్నది. ఏం చెప్పాల్నో నాకు తెలుస్తలేదు."

జరిగింది ఇది. ప్రభాకర్‌గారు ఎప్పటిలాగే ఇంజన్, ఏసీ నడుస్తుండగా అత్తగారిని బండిలో వదిలి పుస్తకాల దగ్గరికి పోయాడు. వాన పట్టుకుంది. దించిన అద్దాల్లోంచి జల్లు కొడుతుంటే సత్తెమ్మగారు అద్దాలు ఎక్కించేసుకుంది. అల్లుడు కొన్న పుస్తకాలు తడవకుండా ఒక దుకాణం చూరు కింద నిలబడ్డాడు. వాన ఎంతకూ తగ్గలేదు. తగ్గాక వచ్చి చూస్తే ఆవిడ సీటు మీద పక్కకు ఒరిగిపోయి ఉంది. నిద్రపోతోందనుకుని పిలిచాడు. పలకలేదు. అదే బండిలో, అవే మూసిన అద్దాలతో, వానలో దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

"డాక్టర్లేమంటున్నరమ్మా?"

"షుగర్ చూసిన్రు, బీపీ చూసిన్రు. వేలికి క్లిప్ పెట్టిన్రు, ఆక్సిజన్ మంచిగనే ఉందంటున్నరు. తలకాయ స్కాన్ అంటున్నరు."

"సుజాతా, ఏడుపు ఆపి ఇను. ఇప్పుడే డాక్టర్ దగ్గరికి పో. మా అమ్మ మూసిన కార్ల కూసున్నది, ఇంజన్ నడుస్తుండె, బండికి కన్వర్టర్ లేదు, పొగ లోపలికి వస్తున్నదని అనుమానం అని చెప్పు. కార్బన్ మోనాక్సైడ్ అను. ఏదీ, ఒకసారి అను."

ఆ పిల్ల వెక్కుతూనే రెండుసార్లు అంది. ఫోన్ పెట్టకుండానే పరుగెత్తింది. దూరంగా ఒక మగగొంతు "ముందే చెప్పాలి కదమ్మా!" అనడం వినిపించింది. ముందే చెప్పింది డాక్టర్ గారూ, వినేవాళ్లే దొరకలేదు, అనుకున్నాను.

ఆ వేలి క్లిప్పు సంగతి తర్వాత ఆ డాక్టరే చెప్పాడు. రక్తంలో ఉన్నది ఆక్సిజనా, కార్బన్ మోనాక్సైడా అన్నది దానికి తేడా తెలియదట. రెండూ ఎర్రగా కనిపిస్తాయట. రక్తం తీసి పరీక్ష చేస్తే విషం బయటపడింది. ముఖానికి మాస్కు బిగించి, పూర్తి ఆక్సిజన్ పెట్టారు.

ఉండబట్టలేక ఆటో ఎక్కి నేనూ ఆస్పత్రికి వెళ్లాను. ప్రభాకర్‌గారు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ప్లాస్టిక్ కవర్లో పుస్తకాలు. వాటిని పక్కన పెట్టాలని కూడా తోచినట్టు లేదు. నన్ను చూసి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"పొగ బయటికి పోయేదే కదా మేడం," అన్నాడు. వాదన కాదు. నిజంగానే నన్ను అడుగుతున్నాడు.

ఇన్ని నెలలుగా ఆయన కోసం నేను తయారుచేసి పెట్టుకున్న జవాబులు చాలా ఉన్నాయి. అవన్నీ వదిలేసి ఆయన్ని పరిశీలనగా చూశాను. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది.

"మీకెట్లుంది సార్?"

"నాకు సుత తలకాయ నొస్తుంది మేడం. టెన్షన్ కావచ్చు."

ఆయన చెయ్యి పట్టుకుని లేపి నర్సు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయనకూ రక్తం తీశారు, ఆయనకూ మాస్కు పెట్టారు. అత్త ఒక మంచం మీద, అల్లుడు పక్క మంచం మీద, మధ్యలో స్టూలు మీద సుజాత. కాసేపటికి సత్తెమ్మగారు కళ్లు తెరిచి, మెడ తిప్పి అల్లుడి వైపు చూసింది. మాస్కులోంచి ఏదో అంది. సుజాత వంగి విన్నది.

"ఏమన్నదమ్మా?" అన్నాను.

"'ఈయన సుత నాటకమాడుతున్నడా?' అంటుంది," అని చెప్పి, ఆ రోజు మొదటిసారి సుజాత నవ్వింది. నవ్వుతూనే గట్టిగా ఏడ్చేసింది.

ర్యాంప్ మీద

సోమవారం ఆ బండిని అద్దాలన్నీ దించి, వేరే బండికి కట్టి లాక్కొచ్చారు. ఈసారి మా ఓనరు ఎవరి వెల్డింగ్ అని అడగలేదు. ఆదివారం సాయంత్రమే నేను ఫోన్ చేసి చెప్పాను. "బండి మన షెడ్డుకే తెప్పియ్," అన్నాడు, అంతే.

యాదగిరి ర్యాంప్ ఎక్కించి కిందకు వెళ్లాడు. ప్రభాకర్‌గారిని కూడా పిలిచి చూపించాడు. కోసి అతికించిన డబ్బాకు ఒక పక్క వెల్డింగ్ విడిచి, వేలు దూరేంత పగులు ఉంది. కన్వర్టర్ వేడి బండి అడుగుకు తగలకుండా ఉండే రేకును వెల్డర్ పీకి పారేశాడు, మళ్లీ బిగించడం ఎందుకని. ఆ వేడికి బండి అడుగు రేకులో ఉండే రబ్బరు బిరడా ఒకటి కరిగి జారిపోయింది. వెనక సీటు ముందు కార్పెట్ ఎత్తితే, ఆ కన్నంలోంచి నేల కనిపించింది.

లోపల జాలి లేదు కాబట్టి విషం విషంగానే వస్తోంది. డబ్బా పగిలింది కాబట్టి వెనక గొట్టం దాకా పోకుండా బండి కిందే వదులుతోంది. అడుగున కన్నం ఉంది కాబట్టి లోపలికి ఎక్కుతోంది. ఏసీ లోపలి గాలినే తిప్పుతోంది కాబట్టి బయటికి పోవడం లేదు. బండి నడుస్తుంటే గాలికి చాలావరకు చెదిరిపోయేది. ఆగి ఉన్నప్పుడు మాత్రం వెనక సీట్లో కూర్చున్న మనిషి దగ్గరికే చేరేది.

యాదగిరి చెయ్యి తుడుచుకున్నాడు. ఈసారి బండి వైపు చూపించి ఊరుకోలేదు.

"పొగ బయటికే పోతుంది సార్. మధ్యల మీ ఇంటోళ్ల కాడ ఆగి పోతుంది."

ప్రభాకర్‌గారిని ఓదార్చడానికి మా ఓనరు ఏదో ఒక తీపి మాట అంటాడనుకున్నాను. గిరిధర్ సాబ్ కింద వంగి ఆ పగులులో వేలు పెట్టి చూసి, లేచి, కస్టమర్ ముఖం మీద అన్నాడు.

"తప్పు మీది సార్. పెద్ద తప్పు. ముసలమ్మ మా కాడికొచ్చి చెప్పినా మేం ఊకున్నం. అది మా తప్పు."

ఆయన నోట అలాంటి మాట అంతకుముందు నేను వినలేదు, రిటైరయ్యేదాకా మళ్లీ వినలేదు. కానీ ఆ రోజు నుంచి మా షెడ్డులో ఒక పద్ధతి వచ్చింది. బండిలో కూర్చుంటే తల నొస్తోందని ఎవరు చెప్పినా, ఎవరు ముట్టిన బండి అయినా, ముందు ర్యాంప్ ఎక్కించి చూడటం, తర్వాత తగాదా పడటం.

కొత్త కన్వర్టర్ వేశాం. వేడి ఆపే రేకు, కొత్త ప్లగ్గులు, అడుగున బిరడా అన్నీ బిగించాం. సెన్సర్‌ను దాని అసలు చోటికి తెచ్చాం. ప్రభాకర్‌గారు బండి నడిపి చూసి వచ్చి, కాస్త సిగ్గుపడుతూ, "పికప్ సేమ్ ఉంది మేడం," అన్నాడు. అవును సార్, అన్నాను.

కొత్తగా చేరేవాళ్లకు

ఇంత చెప్పాక నా సలహా ఏమిటంటారా? మీకు అక్కర్లేకపోయినా చెబుతాను, అలవాటు. డ్రైవర్ సీట్లో కూర్చున్నవాడు పికప్ గురించి, మైలేజీ గురించి చెబుతాడు. అవి రాసుకోండి. తర్వాత వెనక సీట్లో కూర్చునేవాళ్లు ఎవరని అడగండి, వాళ్లకెలా ఉందని అడగండి. వాళ్లకు బండి గురించి తెలియదు కాబట్టి అబద్ధం చెప్పడం కూడా తెలియదు. కన్వర్టర్ బాగున్న బండిలో అయినా సరే, ఇంజన్ నడిపించుకుంటూ అద్దాలు మూసుకుని గంటలకొద్దీ కూర్చోవద్దని చెప్పండి. వినరు. అయినా చెప్పండి.

ప్రభాకర్‌గారు తర్వాతి సర్వీసుకు తేదీ కంటే ముందే వచ్చాడు. అత్తగారిని కూడా తీసుకొచ్చాడు. ఇప్పుడు ఆదివారం ఆవిడను బండిలో వదలడట. పుస్తకాల దగ్గర ఒక దుకాణం మెట్ల మీద కూర్చోబెట్టి, చాయ్ ఇప్పించి పోతాడట. బండిని పోలీసులు ఒకసారి ఎత్తుకుపోయారు కూడా. ఈ సంగతులు చెబుతూనే మధ్యలో ఆగి, "అత్తమ్మా, తల నొస్తుందా?" అన్నాడు. లేదందావిడ. నేను బిల్లు రాస్తుంటే మళ్లీ అడిగాడు. యాదగిరి వచ్చి బండి అయిపోయిందని చెప్పగానే ఇంకోసారి అడిగాడు.

సత్తెమ్మగారు నా బల్ల మీదికి వంగింది.

"బిడ్డా, పొగకు డబ్బా పెట్టిన్రు, మంచిగ పనిచేస్తుంది. ఈయన అడుగుడు బంద్ చేసే డబ్బా ఏమన్న ఉంటే, గది సుత పెట్టున్రి."